కందిపూలకు డ్యూటీ దింపినవాడు

నా తెలివి గురించి మా ఇంట్లో రెండో మాట లేదు. లేదనే అందరూ ఒప్పుకున్నారు. ఎనిమిదో తరగతిలో లెక్కల సారు నన్ను బోర్డు దగ్గరికి పిలిచి, "నువ్వు బడికి రాకపోతే బడికేమన్న నష్టమారా?" అని అడిగాడు. నేను కాసేపు నిజాయితీగా ఆలోచించి "లేదు సార్" అన్నాను. మర్నాటి నుంచి వెళ్లలేదు. బడి ఇప్పటికీ నడుస్తూనే ఉంది. లెక్కల పీరియడ్లో నేను చెప్పిన ఒకే ఒక్క సరైన జవాబు అది.

అలాంటి నేను ఒక సైంటిస్టమ్మ కష్టాన్ని, ఒక ముసలవ్వ ఆశను, నూట పన్నెండు కందిపూల సంసారాన్ని ఒకే ఒక్క పగటిపూట ఎలా ఊడ్చిపెట్టానో ఇప్పుడు చెప్పబోతున్నాను. అదీ ఎలా? ఎవరో తిడితేనో, తాగో, కోపంలోనో కాదు. చాలా శ్రద్ధగా, చెమటోడ్చి, ఒక్కదాన్నీ వదలకుండా. సోమరివాడు చేసిన తప్పు చిన్నగా ఉంటుందండీ. పనిమంతుడు మొదలుపెడితే ఏమీ మిగలదు.

మాది గోదావరిఖని. నాన్న అండర్‌గ్రౌండ్ గనిలో పనిచేసి రిటైరయ్యాడు. బడి మానేశాక నేను పట్టని పని లేదు, నన్ను పట్టి ఉంచిన పనీ లేదు. చివరికి మా ఓదెలు బావ తను పనిచేసే గని ల్యాంపు రూములోనే నన్ను కాంట్రాక్టు మీద పెట్టించాడు.

ల్యాంపు రూము చూడనివాళ్లకు రెండు ముక్కలు. గనిలోకి దిగే ప్రతి మనిషికీ ఒక నంబరు ఉంటుంది. ఆ నంబరు కొట్టిన రేకు బిల్ల ఒకటి బోర్డు మీద మేకుకు వేలాడుతుంటుంది. దిగేముందు తన బిల్ల, తలదీపం తీసుకుని పోతాడు. షిఫ్టు అయిపోయి పైకొచ్చాక రెండూ అప్పజెప్తాడు. బిల్ల మళ్లీ తన మేకెక్కుతుంది. బోర్డు నిండితే అందరూ పైకొచ్చినట్టు. ఒక్క మేకు ఖాళీగా ఉన్నా ఒక మనిషి ఇంకా భూమి కిందే ఉన్నట్టు. నాన్న రావడం ఆలస్యమైతే మా అమ్మ గని మీది నుంచి వచ్చేవాళ్లను "మా ఆయన ఏడున్నడు?" అని అడిగేది కాదు. "బిల్ల పడ్డదా?" అని అడిగేది. పడిందంటే పొయ్యి మీద ఎసరు పెట్టేది.

అలాంటి బోర్డు ముందు రెండేళ్లు నిలబడ్డాను. ఖాళీ మేకు కనబడితే ఆ మనిషి వచ్చేదాకా గేటు వైపే చూస్తుండేవాణ్ణి. కాంట్రాక్టు అయిపోయి ఇంటికొచ్చినా ఆ జబ్బు పోలేదు. గోడకు ఖాళీ మేకు కనబడితే దానికేదో ఒకటి తగిలించేదాకా కాలు నిలిచేది కాదు. ఒకసారి మా ఆవిడ పప్పుగుత్తి కోసం ఇల్లంతా గాలించింది. అది దేవుడి పటం పక్కన వేలాడుతోంది. పండగ అనుకుందో ఏమో, ఆ రోజు దానికి కూడా దండం పెట్టుకుని తీసుకుంది.

ఇంత చెప్పింది ఎందుకంటే, తర్వాత జరిగినదానికంతా ఆ మేకులే కారణం. నా తప్పేమీ లేదు. (ఈ వాక్యం మేడం ముందు కూడా ఒకసారి అన్నాను. మళ్లీ అనలేదు.)

మేడం అంటే అనూష మేడం. కంది మీద పరిశోధన చేసే సైంటిస్టు. కోస్తా వైపు మనిషి, వయసులో నాకంటే చిన్నది. కమాన్‌పూర్ దగ్గర, ఓపెన్‌కాస్టు బొగ్గుగని మట్టిగుట్టలకు కూతవేటు దూరంలో మల్లవ్వ అనే ముసలావిడ చేనుంది. అందులో ఒక మూల మేడం ప్రయోగం పెట్టింది. ఆ మూలకు కావలి, నీళ్లు పెట్టడం, చెప్పిన పని చేయడం నా ఉద్యోగం. "చెప్పిన పని" అన్న మాట గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకోలేదు.

మల్లవ్వ బాధ ఒక్కటే. మేడం ఏరుకున్న మూల తప్ప ఆ నేలంతా ఎండు తెగులుంది. కంది వేస్తే ఏపుగా పెరుగుతుంది, పూత పడుతుంది, ఇక కాయ పట్టాలి అనుకునే వేళకు చెట్లు నిలువునా వాడి ఎండిపోతాయి. అప్పటికి మూడేళ్లుగా ఆమెకు ఇంటికి సరిపడా పప్పు కూడా రాలేదు. అయితే ఆమె దగ్గర ముంతలో దాచుకున్న పాత కంది ఒకటుంది. ఎర్రకాలు కంది అంటుంది. కాండం మీద ఎర్రటి జీర ఉంటుంది. అది ఆ నేలలో చావదు, కానీ ఆలస్యంగా, అదీ చేరెడంత కాస్తుంది. మేడం దగ్గరున్న కొత్త కందేమో విరగ కాస్తుంది, కానీ తెగులున్న నేలలో వేస్తే కాయ పట్టేలోపే పడకేస్తుంది.

"అవ్వా, నీ కందికి రోగాన్ని తట్టుకునే బలముంది. మా కందికి కాపుంది. రెంటినీ సంకరం చేస్తే రెండు గుణాలూ ఉన్న పిల్లలు పుట్టొచ్చు" అని మేడం మొదటిరోజే చెప్పింది.

"మరి రోగమొచ్చేటిది, కాపు లేనిది పుడ్తె?" అంది మల్లవ్వ.

"అలాంటివీ పుడతాయి అవ్వా. రకరకాలుగా పుడతాయి. అందులోంచి మంచివి ఏరుకోవాలి."

"గట్లనా? మా అత్త ఏడుగురిని కన్నది బిడ్డా. ఏరుకుందమని సూస్తె నాకు మా ఆయినె దొరికిండు. నువ్వు జర పైలంగ ఏరు."

ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. మేడానికి పైవాళ్లు ఆ మూలను అప్పగించింది కొంతకాలానికే. వచ్చే వానాకాలంలో పెద్దసార్లు వచ్చి చూస్తారు. సంకరం మొక్కలు చేలో కనబడితే పని సాగుతుంది. లేకపోతే ప్లాటు ఎత్తేస్తారు, మేడం ఇంకెక్కడికో పోతుంది, మల్లవ్వ చేను మళ్లీ ఎండుతుంది. అంటే ఆ ముసలావిడ ముంతలోని బలం రేపటి పంటలోకి ఎక్కాలంటే అదొక్కటే దారి.

సంకరం చేయడం ఎలాగో చూశాక నాకు మేడం మీద గౌరవం, కందిపువ్వు మీద జాలి పుట్టాయి. పొద్దున్నే కొత్త కంది చెట్టు దగ్గర వంగి, ఇంకా విచ్చని మొగ్గను సన్నటి పట్టకారుతో విప్పుతుంది. గోరంత మొగ్గ. లోపల ఆవగింజంత కేసరాలు. వాటిని ఒక్కొక్కటే పీకేస్తుంది, పువ్వు తన పుప్పొడితో తనే కాయ కట్టకుండా. తర్వాత ఎర్రకాలు కంది పువ్వు తెచ్చి దాని పుప్పొడి రాస్తుంది. అప్పుడు నా వంతు. ఆ పువ్వు కాడకు నంబరు కొట్టిన చిన్న రేకు బిల్ల దారంతో కట్టాలి, తేనెటీగ ముట్టకుండా కొమ్మకు గుడ్డసంచి తొడగాలి. అదే చెట్టు మీద మిగతా పూలు మామూలుగా వాటంతటవే కాయలు కడతాయి. అందుకే బిల్ల. బిల్ల ఉన్న కాయ సంకరం. లేనిది మామూలు.

అలా వారాల తరబడి వంగి వంగి నూట పన్నెండు పూలు చేసింది. సాయంత్రానికి మేడం నడుము ప్రశ్నార్థకం గుర్తులా ఉండేది. అందులో చాలా పూలు రాలిపోయాయి, అది మామూలేనట; వాటి బిల్లలు మాత్రం కాడలకే ఉండిపోయాయి. మిగిలిన కొన్నింటికి కాయ పట్టింది. మేడం సంచుల్లోకి తొంగిచూసి, పసిపిల్లను చూసినట్టు నవ్వింది. ఆ మర్నాడే ఆమెకు పది రోజులు ఏదో ట్రైనింగు పడింది. వెళ్తూ వెళ్తూ నాతో అంది:

"సమ్మయ్యా, కాయలు పట్టాయి. ఇక తేనెటీగల భయం లేదు. గుడ్డసంచులు తీసెయ్యి, ఎండ తగలాలి. అంతే. ఇంకేం చేయకు."

ఈ చివరి మాట కింద మీరు పెన్సిలుతో గీత గీసుకోండి.

సంచులన్నీ తీశాను. మడతపెట్టాను. తీసిన ప్రతిచోటా ఒక బిల్ల గాలికి టిక్కు టిక్కుమని ఊగుతోంది. అంతలో పగలు రెండింటికి ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగు జరిగింది. నేల కదిలింది. కాసేపటికి దుమ్ము వచ్చి చేను మీద, నా మీద, బిల్లల మీద పొడి చల్లినట్టు పడింది. నంబర్లు కనబడటం లేదు. నేను చూస్తూ నిలబడ్డాను. లోపలి నుంచి పాత జబ్బు లేచింది.

పువ్వు పని అయిపోయింది. కాయ పట్టింది. అంటే షిఫ్టు అయిపోయింది. షిఫ్టు అయిపోయాక బిల్ల ఇంకా ఒంటి మీద ఉండటమేమిటి? అప్పజెప్పొద్దూ? రేపు గాలికి ఒకటి తెగి పడిపోతే? మేడం వచ్చి "నూట పన్నెండు ఇచ్చాను, నూట పదకొండే ఉన్నాయేం?" అంటే?

మొదటి బిల్ల విప్పాను.

విప్పేటప్పుడు ఎంత జాగ్రత్త పడ్డానో మీకు తెలియాలి. ముడి గోటితో సడలించి, కాయకు దెబ్బ తగలకుండా, కాడ మీద గీత పడకుండా, దారం పోగు కూడా మిగలకుండా. మా ఆవిడ చెవికమ్మలు కూడా అంత నాజూకుగా తీసి ఉండను. నడుమ మల్లవ్వ సద్ది పట్టుకుని వచ్చింది.

"ఏంది బిడ్డా గా పని?"

"డ్యూటీ దింపుతున్న అవ్వా."

"చెట్లకు గూడ డ్యూటీ ఉంటదారా?"

"మరి! ఇది గని పద్ధతి అవ్వా. పనైనంక బిల్ల బోర్డుకెక్కాలె."

"మేడం చెప్పిందా?"

"అన్ని ఆమెనే చెప్పాల్నా? మనకు ఆమాత్రం ఎర్క లేదా?"

ముసలావిడ నా వైపు, చెట్ల వైపు చూసింది. "నీకేమెర్కనో నాకు ఎర్కలే గని, మొత్తానికి నా కడుపుల ఏందో అయితాంది" అంటూ వెళ్లింది. ఆమె కడుపుకు నా తలకంటే తెలివెక్కువని తర్వాత తేలింది.

పొద్దుగూకేలోపు నూట పన్నెండూ విప్పేశాను. ఇంటికి తీసుకుపోయి చింతపండు, బూడిద పెట్టి తోమాను. పాత తలుపు చెక్క ఒకటి దొరికితే దానికి ఆకుపచ్చ రంగేసి, నూట పన్నెండు మేకులు వరసగా కొట్టి, ఒకటి నుంచి నూట పన్నెండు దాకా ఒక్క నంబరు తప్పకుండా తగిలించాను. బోర్డు నిండింది. ఎండలో పెడితే తళతళలాడింది. ఒక్క మేకూ ఖాళీ లేదు. అంత సుఖంగా నేను ఈమధ్య ఎప్పుడూ పడుకోలేదు.

మేడం వచ్చే రోజున బోర్డును చేలో షెడ్డు గోడకు నిలబెట్టి, పైన మా ఆవిడ పూలచీర కప్పాను. పెద్దసార్లు శిలాఫలకాలకు చేస్తారు చూడండి, అలా. మేడం బ్యాగు దించీదించకముందే చీర లాగాను.

మేడం బోర్డు చూసింది. నవ్వింది. నవ్వు సగంలో ఆగింది.

"సమ్మయ్యా, ఏంటివి?"

"బిల్లలు మేడం. నూట పన్నెండు. లెక్క వెట్టుకోండ్రి, ఒక్కటి తక్కువుంటె నన్నడుగుండ్రి."

"కొత్తవా?"

"లేదు మేడం, మనయే. తోమిన."

"మరి చెట్ల మీద?"

"ఒక్కటి లేదు మేడం. మొత్తం సాఫ్."

మేడం చెట్ల దగ్గరికి నడిచింది. నడవలేదు, పరిగెత్తింది. ఒక కొమ్మ ఎత్తింది, ఇంకో కొమ్మ ఎత్తింది. అన్నీ కాయలే. ఒకదానిలాగే ఇంకొకటి. పచ్చగా, అమాయకంగా, ఏ నంబరూ లేకుండా.

"ఏ బిల్ల ఏ కాయదో గుర్తుందా?"

"బిల్లల నంబర్లన్ని గుర్తున్నయి మేడం."

"కాయలు?"

"కాయకు నంబరేడుంటది మేడం, బిల్లకుంటది గని."

మేడం గట్టు మీద కూలబడింది. తర్వాత చాలా నెమ్మదిగా, "సమ్మయ్య గారూ" అంది.

మేడం మామూలుగా నన్ను పేరు పెట్టి పిలుస్తుంది. కోపం వచ్చినప్పుడే "గారు" తగిలిస్తుంది.

"సమ్మయ్య గారూ, ఈ చెట్ల మీద వేల కాయలున్నాయి. అందులో మనం చేసినవి కొన్నే. వాటికీ మిగతా వాటికీ తేడా చెప్పేది మీరు తోమిన ఆ రేకు ముక్క ఒక్కటే. మీరేం చేశారో అర్థమవుతోందా?"

అర్థమైంది.

"మేడం, దారం కట్టిన గీత ఉంటది గద, కాడ మీద ఎతుకుదం" అన్నాను. ఇద్దరం కొమ్మ కొమ్మా వెతికాం. భూతద్దం పెట్టి వెతికాం. ఒక్క గీత కనబడితే ఒట్టు.

"ఎలా విప్పారు, ఒక్క మచ్చ కూడా లేకుండా?" అంది మేడం, ఏడుపు గొంతుతో.

"పైలంగ విప్పిన మేడం."

"మీరు కాస్త మొరటు మనిషైనా బాగుండేది."

నా జీవితంలో మొదటిసారి ఒకరు నా పనితనాన్ని మెచ్చుకున్నారు. అది ఇలా.

ఆ సాయంత్రం ఓదెలు బావ మొదటి షిఫ్టు దిగి బండి మీద వచ్చాడు. నిజానికి బోర్డు చూసిపొమ్మని నేనే పిలిచాను, అప్పటికింకా గొప్పలో ఉన్న రోజున. బావ బోర్డు ముందు నిలబడి మీసం దువ్వాడు. "మేకులు సక్కగ గొట్టినవ్‌రా" అన్నాడు. జరిగింది చెప్పాను. బావ మీసం మీది చెయ్యి ఆగిపోయింది.

"అరే సమ్మిగా, బిల్ల ఎప్పుడు తీస్తరురా?"

"షిఫ్టు అయినంక బావా."

"షిఫ్టు అయితె సాల్నారా? మనిషి పైకి రావద్దా? పైకొచ్చి, ఇగో నేను అని మొకం సూపెడితె గద బిల్ల మేకెక్కేది! ఈ కాయ కోసినవా? ఒలిసినవా? గింజ శేతికొచ్చిందా? లేదు గద? అంటె మనుషులింక లోపట్నే ఉన్నరు, నువ్వు బిల్లలన్ని మేకులకెక్కిచ్చి, అందరొచ్చిన్రని గేటుకు తాళమేసినవ్. రెండేండ్లు నా పక్కన నిలవడి గిదేనారా నేర్సుకున్నది?"

మేడం తిట్టినప్పుడు సిగ్గేసింది. బావ అన్నప్పుడు మాత్రం నిజంగా భయమేసింది. మా అమ్మ గుమ్మంలో నిలబడి "బిల్ల పడ్డదా?" అని అడుగుతున్నట్టనిపించింది. పడింది అమ్మా. మనిషే రాలేదు.

ఇక మల్లవ్వకు చెప్పాలి. నేను చెప్తానని ముందుకు వెళ్లాను. "అవ్వా" అని మొదలుపెట్టి బోర్డు వైపు చూపించాను. మేడమే చెప్పింది. ముసలావిడ విని, మెల్లగా గట్టు మీద కూర్చుంది.

"అంటె నా ముంతల కంది బలం ఈ చేన్లకు రాదా బిడ్డా?"

"పూత అయిపోయింది అవ్వా. మళ్లీ చేయాలంటే మళ్లీ ఏడాది. అప్పటిదాకా మమ్మల్ని ఇక్కడ ఉండనిస్తారో లేదో."

మల్లవ్వ నన్ను తిట్టలేదు. అదే ఘోరం. నేను నేల చూపులు చూస్తూ నిలబడితే, ఆమె లేచి, మేడం చెట్ల వరసను, పక్కనున్న తన ఎర్రకాలు వరసను మార్చి మార్చి చూసింది.

"నీ కంది కాలు పచ్చగుంటది" అంది మేడంతో.

"అవునవ్వా."

"నాది ఎర్రగుంటది. మొలిసిన మూడు వారాలకే తెలుస్తది. గడ్డి దీసేటప్పుడు కాలు సూసే తొక్కకుంట నడుస్త నేను."

"అయితే?"

"అయితె ఏందే తల్లీ, తండ్రి కాలు ఎర్రగుంటె బిడ్డకు రాకపోతదా? నీ చెట్ల గింజలన్ని చేన్ల అలుకు, మొలువనియ్యి. తనంతట తాను కాసిన గింజకు తల్లి లెక్కనే పచ్చ కాలొస్తది. నా దానితోని కలిసిన గింజకు ఎర్రకాలొస్తది. బిల్ల కట్టినోడు ఇప్పుతడు గని, పుట్టుకతోని వచ్చింది ఎవలిప్పుతరు?"

మేడం గబగబా తన పుస్తకం తీసి మొదటి పేజీ తిప్పి నవ్వడం మొదలుపెట్టింది. కళ్లలో నీళ్లు, నోటిలో నవ్వు. "ఇదే రాసుకున్నా అవ్వా! కాండం ఎరుపు పిల్లల్లో తప్పకుండా పైకి కనబడుతుంది, సంకరం నిజమా కాదా అని చూసుకోవడానికి అదే గుర్తు అని మొదటిరోజే రాసుకున్నా. వీడి బోర్డు చూశాక నా పేరే మర్చిపోయాను, ఇదెక్కడ గుర్తుంటుంది!"

"వీడి" అంది. "గారు" పోయింది. నేను బతికాను.

కానీ శిక్ష తప్పలేదు. బిల్లలుంటే గుప్పెడు కాయలు కోసుకుంటే సరిపోయేది. ఇప్పుడు ఆ చెట్ల మీది ప్రతి కాయా కోయాలి, ఒలవాలి, ప్రతి గింజా విత్తాలి. పని ఎవరిది? మీరు సరిగ్గానే ఊహించారు. కోశాను. ఒలిచాను. గింజలు మల్లవ్వ ఇంట్లో కుండల్లో వేపాకు వేసి దాచాం. ఎండాకాలమంతా రోజుకోసారి పోయి మూతలు తీసి చూసేవాణ్ణి. "గిన్నిసార్లు మూత దీస్తె నీ మొకం సూసే పురుగు వడ్తది" అనేది మల్లవ్వ.

మిరుగం కార్తెలో మొదటి వాన పడగానే విత్తాం. వరస తర్వాత వరస, జానెడుకొక గింజ. మూడు వారాలకు మేడం, నేను, మల్లవ్వ ముగ్గురం మోకాళ్ల మీద కూర్చుని కాళ్లు చూడటం మొదలుపెట్టాం. మొదటి వరస పచ్చ. రెండోది పచ్చ. నాలుగో వరస, ఐదో వరస... పొలమంతా పచ్చగా ఉంటే రైతు సంతోషిస్తాడంటారు. నేను ఒక్కొక్క పచ్చ మొక్క చూసి ఒక్కొక్క చుక్క రక్తం పోగొట్టుకున్నాను.

ఏడో వరస నడుమ ఆగాను. కళ్లు తుడుచుకుని మళ్లీ చూశాను. బెత్తెడు మొక్క. కాలు ఎర్రగా, కుంకుమ రాసినట్టు.

"అవ్వా! ఎర్రకాలు!"

"ముట్టకు!" అని ఇద్దరూ ఒక్కసారే అరిచారు.

ఆ తర్వాత ఒకటి, దాని పక్కన ఇంకోటి. మధ్యాహ్నానికి మేడం లెక్క వేళ్ల మీద వేయడం మానేసి పుస్తకంలో గీతలు పెట్టుకుంటోంది. తను అనుకున్నదానికంటే ఎక్కువే వచ్చాయి. ఎలాగంటే, సంచి తొడగని మామూలు పూల మీద కూడా తేనెటీగలు వాలాయి కదా, అవి పక్క వరసలోని ఎర్రకాలు పుప్పొడి తెచ్చి అక్కడక్కడా రాసి పోయాయట. తల్లీ అదే, తండ్రీ అదే కాబట్టి వాటినీ కలుపుకోవచ్చంది మేడం. బిల్లలు ఉండి ఉంటే ఆ కాయల వైపు ఎవరూ కన్నెత్తి చూసేవాళ్లం కాదు. ఈ సంగతి నేను గట్టిగా అనబోయాను. మేడం ముఖం చూసి లోపలే అనుకున్నాను.

"పోయి బోర్డు పట్టుకురా" అంది మేడం.

తెచ్చాను. ఒక్కొక్క మేకు నుంచి ఒక్కొక్క బిల్ల తీసి ఆమెకిచ్చాను. ఎర్రకాలు మొక్క పక్కన పుల్ల పాతి, ఆమె తన చేత్తోనే కట్టింది. ఒకటి, రెండు, పది, యాభై, నూరు. నూట పన్నెండూ అయిపోయాయి. మొక్కలు ఇంకా మిగిలాయి. చివరికి మల్లవ్వ పాత చీర చింపి పేలికలు కట్టింది. బోర్డు ఖాళీ. ఒక్క మేకు మీద కూడా ఒక్క బిల్ల లేదు. జీవితంలో మొదటిసారి ఖాళీ మేకులు చూసి నాకు కడుపులో చల్లగా అనిపించింది. అందరూ లోపలే ఉన్నారు, పని మీద ఉన్నారు, క్షేమంగా ఉన్నారు.

వానాకాలం నడుమ పెద్దసార్లు వచ్చారు. ఎర్రకాళ్లు చూశారు, తల ఊపారు, పని సాగనిచ్చారు. బోర్డు ఎందుకు ఖాళీగా ఉందని ఒకాయన అడిగాడు. "డ్యూటీల ఉన్నరు సార్" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు, మేడానికి మాత్రం దగ్గు వచ్చింది.

ఆ మొక్కల గింజలనే ఈ ఏడు మల్లవ్వ చేలో తెగులు బాగా ఉన్నచోట వేశాం. మేడం మొదట్లోనే చెప్పినట్టు రకరకాలుగా పుట్టాయి. కొన్ని ఎండిపోయాయి. కొన్ని నిలబడ్డాయి గాని కాపు లేదు. కానీ కొన్ని, ఎండిన చెట్ల నడుమ నిటారుగా నిలబడి, కొమ్మ వంగేలా కాశాయి. ఇంకా కొన్నేళ్లు వీటిలోంచి ఏరుతూ పోవాలట, అప్పుడుగాని రైతు చేతికి విత్తనం కాదట. పోనీ. పొద్దున్నే మల్లవ్వ వచ్చి ఆ చెట్లను ఒక్కొక్కటీ చేత్తో తడిమి పోతుంది. ఎండిన వాటి వైపు చూడదు.

కనుక ఇందుమూలంగా నేను, అంటే ఎనిమిదో తరగతి గుమ్మం దగ్గరే ఆగిపోయిన సమ్మయ్య, చేతిలో కంది గింజలు పట్టుకుని ప్రమాణం చేసేదేమిటంటే: బతికున్నంతకాలం దేనికి కట్టిన బిల్లనూ అడగకుండా విప్పను. చెట్టుకు కట్టింది, మేకకు కట్టింది, దవాఖానలో చేతికి కట్టింది, దేన్నీ ముట్టను. పోయిన నెల కొన్న చొక్కాకు చీటీ ఇంకా అలాగే వేలాడుతోంది. మెడకు గీసుకుంటోంది. అయినా విప్పను. "ఇంకేం చేయకు" అని ఎవరైనా అంటే ఆ "ఇంకేం"ను మాత్రం చాలా శ్రద్ధగా చేయకుండా ఉంటాను.

ఈ ప్రమాణం మొన్న మేడం ముందు, మల్లవ్వ ముందు నిలబడి చేశాను. మంచి ఊపులో ఉన్నాను కాబట్టి పనిలో పనిగా ఇంకో మాట కూడా అన్నాను.

"అవ్వా, రేపు ఈ కందికొక పేరు వెడ్తరట. నా పేరు పెట్టుమని మేడంకు జర చెప్పరాదూ? సమ్మయ్య కంది. ఎంత సక్కగుంటది!"

మల్లవ్వ చేతిలోని కాయ ఒలిచి, గింజ నోట్లో వేసుకుని నమిలి, నిదానంగా అంది:

"పెడ్తం బిడ్డా, దానికేముంది. పేరు రాసి, చెట్టుకు బిల్ల గూడ కడ్తం. మరి గా బిల్ల నువ్వు ఇప్పకుంట కావలి ఎవల్ని వెట్టాలె?"